కల్లము నుండి కల్యాణమునకు

భద్రాచలయాత్ర యనగానే తెలుగువాని మనస్సు తిన్నగా గోదావరీతీరమునకు పోయి సీతారాముల కల్యాణమండపము చెంత నిలుచునుగాని, ఖమ్మమునకును ఆ తీరమునకును నడుమనున్న 120 కిలోమీటర్ల నేలను గూర్చి తలపోయువారు అరుదు. యాత్రికులలో పెక్కుమంది ఆ దూరమును బస్సులో కునికిపాట్లతో గడపి, గోదావరి వంతెన రాగానే కన్నులు తెఱచి నమస్కరింతురు. ఫాల్గుణమాసమున నే నా దారిని పోయినపుడు మాత్రము ఊరూర దిగుచు, దొరికిన బండి యెక్కుచు, తీరికగా పోవలయునని నిశ్చయించుకొంటిని. కాలువనీటి మాగాణి యెచ్చట ముగిసి అడవి యంచున పోడు నేల యెచ్చట మొదలగునో, మైదానపు రైతు పంచాంగము ఎచ్చట ఆగి కోయవాని పంచాంగ మెచ్చట ఆరంభమగునో చూడవలయునని నా కోరిక.

ఖమ్మము స్తంభాద్రి నరసింహస్వామి వెలసిన ఊరు. ప్రాచీనమైన కోట గల ఊరు. 1953లో వరంగల్లు జిల్లానుండి విడివడి తానే ఒక జిల్లాకు కేంద్రమైన ఊరు. అయినను మాఘఫాల్గుణములలో ఆ పట్టణమున మొదట చూడదగినది వ్యవసాయ మార్కెట్టు. గేటు దాటకముందే మిరపఘాటు గొంతున పట్టి దగ్గు తెప్పించును. లోపల గోనెబస్తాలు వరుసలు వరుసలుగా పేర్చియుండును. వాని మూతులు విప్పి, పిడికెడు కాయలు పైకి దీసి, విఱిచి, వాసన చూచి, మరల పడవైచుచు వ్యాపారులు తిరుగుచుందురు. తలపాగలు చుట్టిన హమాలీలు మోపులతో వారి నడుమ దూసికొని పోవుదురు. ఉదయమున అందఱును ఒకచోట గుమిగూడి, వచ్చిన సరుకులో మేలైన రాశి నెంచి దానికి పాట పాడుదురు. ఆనాటికి ఆ రాశి పలికిన ధరయే జెండాపాట. పత్రికలలో మరునాడు అచ్చగునది ఆ యంకెయే. మధిర వైపునుండి వచ్చిన యొక పెద్దరైతు బస్తామీద కూర్చుండి నాతో నిట్లనెను: “జెండాపాట ఒక్క రాశికేనయ్యా. మిగతా సరుకంతా దాని కింద మెట్లే. తేమను బట్టి, తాలును బట్టి ఒక్కో మెట్టు దిగుతుంటది.”

ఈ ప్రాంతమున విరివిగా పండు తేజ రకపు మిరప చూచుటకు సన్నము, కారమున దొడ్డది. ఇచ్చటి కాయ చైనాకును ఆగ్నేయాసియా దేశములకును ఎగుమతి యగుచుండుటచేత, పైరు చేలో నున్నంతకాలము మబ్బువంక చూచిన రైతు, పంట బస్తా కెక్కినపిమ్మట సముద్రమున కావలి బేరములవంక చూడవలసివచ్చును. వాని పంచాంగమున వర్జ్యమును అమృతఘడియయు నిర్ణయించునవి ధరలే.

వైరా దారిని పోవునపుడు నిజాము ప్రభుత్వకాలమున కట్టిన జలాశయమును, నాగార్జునసాగరు ఎడమకాలువ పాఱుదలతో పచ్చబడిన పొలములును కన్నులపండువు చేయును. తల్లాడ దాటి జూలూరుపాడు చేరునప్పటికి వరిమడులు పలుచబడి, ఎఱ్ఱనేలలు, ప్రత్తిచేలు, మామిడితోటలు, గట్ల వెంబడి తాటిచెట్లు కానవచ్చును. అచ్చట నొక మిరపకల్లము చెంత దిగితిని. ఎకరము చెక్కలో సగము మేర కాయలు పఱచియుండెను. రాత్రి మంచు తగులకుండ కప్పిన పట్టాలను అప్పుడే తీసి ప్రక్కన మడిచిరి. ముఖములకు తువ్వాళ్లు చుట్టుకొన్న స్త్రీలు వరుసగా గొంతుకూర్చుండి, ఎండి తెల్లబాఱిన తాలుకాయలను ఏఱి వేఱుగా పోయుచుండిరి. వేపకొమ్మకు కట్టిన చీరయూయెలలో ఒక పసివాడు నిద్రించుచుండెను. వారు ఆ ఊరివారు కారు. కొందఱు చర్ల, దుమ్ముగూడెము వైపునుండియు, కొందఱు ఛత్తీస్‌గఢ్ సరిహద్దునుండియు, వంటపాత్రలతో బిడ్డలతో ట్రాక్టరు తొట్లలో వచ్చి, చేలగట్లనే గుడిసెలు వైచుకొన్న కోయలు.

ఇంటికి ఎప్పుడు పోవుదురని అడిగితిని. ఒక నడివయసు స్త్రీ చేతిపని ఆపకయే, “పువ్వు రాలే యాళ్లకు పోవాలె” అనెను. ఇప్పపువ్వు మాట యది. చేని యజమాని నవ్వుచు నావంక తిరిగి, “కూలి ఎంత పెంచినా ఆగరండీ. కాయ చెట్టుమీదుండగానే మూటలు కట్టేస్తరు. మేమే వాళ్ల పువ్వుకు తగ్గట్టు కోతలు సర్దుకోవాలె” అనెను. ఖమ్మపు బజారును శాసించు జెండాపాట ఈ స్త్రీలను ఆపజాలదు. అడవిలో నొక చెట్టు పూచినదన్న కబురు చాలును, మైదానపు కల్లము బోసిపోవును.

కొత్తగూడెము, పాల్వంచలను త్వరగనే దాటితిని. ఇల్లెందు ప్రాంతమున 1889లో మొదలైన బొగ్గుత్రవ్వకమే సింగరేణి సంస్థగా పెరిగి కొత్తగూడెమును తన కేంద్రముగా చేసికొన్నది. అచ్చటి రైలుస్టేషనుకు భద్రాచలం రోడ్డని పేరు. గోదావరి అచ్చటికి 40 కిలోమీటర్ల దూరముననే యున్నందున, పేరునుబట్టి దిగిన యాత్రికుడు మరల బస్సు వెదకికొనక తప్పదు. పాల్వంచ థర్మలుకేంద్రపు పొగగొట్టములు వెనుకబడగానే కవి విశ్వనాథవారు పాటలుగా మలచిన కిన్నెరసాని కాలువ కట్టుకొని పాఱు అడవి యెదురగును.

ఆ అడవిలో నొక కోయగుంపున రాత్రి నిలిచి, తెల్లవాఱకముందే ఇంటివారితో ఇప్పచెట్ల క్రిందికి పోయితిని. ముందు దినమే చెట్టు మొదట రాలుటాకులను ఊడ్చి కాల్చి నేలను నున్నగా చేసియుంచిరి. వెలుగు రేకలు విచ్చుచుండగా కొమ్మలనుండి పూలు ఒకటొకటిగా టపటప రాలసాగెను. మీగడరంగుతో, కండగలిగి, లోన బోలుగానుండు ఆ పువ్వును నోట వేసికొనినచో తీపియు వెంటనే కొంచెము మత్తైన వగరును తగులును. గంపలతో వచ్చిన స్త్రీలు నడుము వంచి రెండు చేతులతో ఏఱుచు, ప్రొద్దు బారెడెక్కునప్పటికి ఒక్కొక్క గంప నింపిరి. ఎండబెట్టినచో అది ముదురు గోధుమవన్నెకు తిరిగి ఏడాది నిలువయుండును. ఉడికించి తినుటకును, సారా కాచుటకును, సంతలో అమ్ముటకును అదియే. రాత్రులు గుడ్డెలుగులును ఆ పువ్వుకే వచ్చును గావున, చీకటితో ఒంటరిగా ఎవరును పోరు.

ఆ చెట్ల ప్రక్కనే యొక మామిడి విరగకాచి యున్నది. కాయలు చేతికందు ఎత్తునకు వ్రేలాడుచున్నను ఒక్క పిల్లవాడును ఱాయి విసరకుండుట చూచి, కారణమేమి తాతా, యని అడిగితిని. ఇంటిపెద్ద తలగుడ్డ సవరించుకొని ఇట్లనెను: “కొత్త కాలేదు గదయ్యా. ఊరంతా కలిసి వేలుపుకు పెట్టినంకనే మేం ముట్టేది. నీకు కావాలంటే కోసుకో, నీకేం కాదు.” నాకు కోయబుద్ధి పుట్టలేదు.

కోయల యేడాది యంతయు ఇట్టి కొత్తలతోనే అల్లబడి యున్నది. తొలకరి ముందు భూమిపండుగ, అదే విత్తనాల పండుగ. ఇంటింటి గింజలును వేలుపు చెంతకు తెచ్చి, పూజారి చేత మ్రొక్కించి, బలి యిచ్చి, పంచుకొన్న పిమ్మటనే విత్తుదురు. ఆ దినములలో మగవారు వేటకు పోవగా, స్త్రీలు బాటకు అడ్డముగా నిలిచి రేలాపాటలు పాడుచు వచ్చిపోవు వారిని ఆపి చిల్లర వసూలు చేయుదురు. వేటనుండి వట్టిచేతులతో వచ్చిన మగవానికి పేడనీళ్లతో పరాభవము జరుగును. వానలు ముదిరిన తరువాత పచ్చపండుగ, ధాన్యము చేతికి వచ్చినపుడు కొత్తల పండుగ, నడుమ చిక్కుడుకు, మామిడికి, ఇప్పకు వేఱువేఱు మ్రొక్కులు. ఏ పంటనైనను మ్రొక్కకముందు రుచిచూచుట దోషము. భయమును భక్తియు వారివి. కాని ఆ ఆగుటలో కాయ ముదురుటకును, గింజ పక్వమగుటకును, బలవంతుడు ముందుగా దోచుకొనకుండుటకును అవకాశ మేర్పడుచున్నదని బయటివాడును గ్రహింపవచ్చును. ఏరువాక సాగక మడక కట్టని రోజులు, సంక్రాంతి పొంగలి దింపక కొత్తబియ్యము తినని రోజులు మైదానమున మన తాతలకును తెలియును.

ఈ కులాచారములకు గ్రంథములు లేవు. గట్టులుగా విడివడిన కోయవంశముల కథలను డోలివారు పడిగె యనెడు బొమ్మలగుడ్డను చూపి, డోలు వాయించుచు చెప్పుదురు. సమ్మక్క సారలమ్మల వీరగాథయు ఆ నోళ్లలోనే నిలిచినది. మణుగూరు వైపు కూనవరమునకు చెందిన కంచుమేళపు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినపుడు, ఆ కథాసంపదను దేశము ఒక్కమాటు తలయెత్తి చూచినది.

అంతమాత్రమున అడవివాడు బజారుకు దూరముగా బ్రదుకుచున్నాడని యనుకొనరాదు. ఇప్పపువ్వు ముగిసిన వెంటనే తునికాకు వచ్చును. మాఘఫాల్గుణములలో మొదళ్లు కొట్టిన తునికిపొదలు లేతాకు వేయగా, ఎండలు మండు వేళ ఇంటిల్లిపాదియు కోసి తెచ్చి, యాబదేసి ఆకులు కట్టగా కట్టి, కల్లమునకు మోసికొనిపోయి కల్లేదారు ముందు పోయుదురు. ఆకు పిల్లదనియో, మచ్చలున్నవనియో కొన్ని కట్టలు ప్రక్కకు పోవును. ఖమ్మపు రైతు మెట్లు దిగునట్లే వీరును దిగుదురు. గిరిజన భూమిని ఇతరులు కొనరాదన్న 1970 నాటి ఒకటవ నిబంధనను ఇచ్చట చదువురాని వారును ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యని ఉచ్చరింపగలరు. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద పోడుపట్టా వచ్చినవారు దానిని ప్లాస్టిక్కు సంచిలో చుట్టి చూరులో దాచుకొందురు. రానివారు ఆఫీసుల చుట్టును తిరుగుచుందురు. సారపాక కాగితపుమిల్లు చేరువకు వచ్చుకొలది జామాయిలు తోటలు నిటారుగా నిలిచియుండును. వానికి ఏ కొత్తయు లేదు. ఏండ్లు నిండగానే నరకి తూకమునకు పంపుదురు.

1965 నుండి వాడుకలోనున్న వంతెనమీద గోదావరిని దాటితిని. వేసవి ముందఱ నది సన్నగిలి యిసుకదిబ్బల నడుమ పాఱుచుండెను. కాని భద్రాచలపు వాడు నదిని అడుగులతో కొలిచి బ్రదుకువాడు: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 1986 ఆగస్టున 75.6 అడుగులకు చేరిన నీటిని చూచినవారు ఇంకను గోడలమీద గుర్తులు చూపి చెప్పుచున్నారు.

నేను ఆలయము చేరినది ఫాల్గుణపూర్ణిమనాడు. కల్యాణపుపనులకు అంకురార్పణ ఆనాడే. ముత్తైదువలు రోళ్లచుట్టు చేరి పసుపుకొమ్ములు దంచుచుండగా, వేఱొకచోట బియ్యమునకు పసుపు, గులాలు, నేయి, సుగంధద్రవ్యములు పట్టించి తలంబ్రాలు కలుపుచుండిరి. అందఱి యిండ్ల తలంబ్రాలు పచ్చన, భద్రాద్రివి ఎఱ్ఱన. గోలకొండ నేలిన తానీషా కాలమునుండి గులాలు కలుపు సంప్రదాయము వచ్చినదని చెప్పుదురు. గోదావరి దిగువన కోరుకొండ ప్రాంతపు భక్తులు ప్రత్యేకముగా వరి పండించి, రోకలి తగులనీక గోటితో ఒలిచిన బియ్యమును ఈ పెండ్లికి పంపుదురు.

ఆ బియ్యమును చూచుచు నేను ఇద్దఱిని తలచుకొంటిని. నేలకొండపల్లిలో పుట్టి పాల్వంచ పరగణాకు తహసీలుదారై, ప్రజలు కట్టిన శిస్తుసొమ్ముతో ఆలయము కట్టించి, గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు మగ్గెనని ప్రతీతి గల కంచర్ల గోపన్న యొకడు. అతనికి ముందే, పుట్టలో మూర్తులను కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యము పెట్టినదని స్థలపురాణము చెప్పు గిరిజనస్త్రీ పోకల దమ్మక్క రెండవది. రామదాసుగా పేరొందిన ఆ గోపన్న కీర్తనలు ఊరూర పాడుకొందుము. దమ్మక్కను మాత్రము కథారంభమున నొక వాక్యముతో సరిపుచ్చుదుము. రాముడు ఈ కొండమీద తొలిసారి అందుకొన్న నైవేద్యము అడవిచెట్టు కొత్త. గర్భగుడి గోడలకు పెట్టిన సొమ్ము మాగాణిరైతు కష్టము. రెండు పంచాంగములును ఈ గుడిలో కలిసినవి.

2014లో రాష్ట్రవిభజన జరిగినపుడు భద్రాచలపు ఊరు తెలంగాణమున నిలిచి, చుట్టునున్న పల్లెలు పెక్కు పోలవరము ప్రాజెక్టు ముంపు కారణముగా ఆంధ్రప్రదేశమున చేరినవి. దిగువన శబరి కలియు చోటివఱకు గల గూడెములకు ఇండ్లును ఎకరములును లెక్కించి పరిహారము కట్టుచున్నారు. విత్తనము పంచుకొను వేలుపుచోటు, తరతరములుగా ఒక్కొక్క యింటివారు ఏఱుకొనుచున్న ఇప్పచెట్టు, కొత్త కాకముందు ఎవరును ముట్టని మామిడి ఏ పట్టికలో చేరవలయును? పునరావాసపు కాలనీలో ఇల్లు కట్టి యిచ్చుట ప్రభుత్వమునకు సాధ్యమే; ఏ చెట్టు క్రింద ఎప్పుడు ఆగవలయునో ఎఱిగిన ఊరిని మఱియొకచోట నాటుట సాధ్యము కాదు. గూడెమును కదలించు అధికారి ముందుగా ఆ గూడెపు పండుగల పట్టీని వ్రాసికొని, ఆ చోట్లకును చెట్లకును హక్కు నిలుపవలెను. అట్లు చేయని పరిహారము ఎంత పెద్దదైనను, మేలైన రాశిని విడిచి తాలును తూచినట్లే యగును.