స్టూలు మీద కూర్చున్నవాడు

మొన్న శనివారం మా అబ్బాయి హైస్కూల్లో రెజ్లింగు పోటీ ఉంటే వెళ్ళాను. రెజ్లింగు గురించి నాకు తెలిసింది సున్నా. రెఫరీ ఎవరి చెయ్యి పైకెత్తితే వాడు గెలిచినట్టు, అంతవరకే. మావాడు గెలిచాడు. చప్పట్లు కొట్టాను, ఫోటోలు తీశాను. తిరిగొచ్చేటప్పుడు కారెక్కి, కుడిచెయ్యి కదపకుండా, ఎడం చేత్తో వంగి మరీ సీటు బెల్టు లాక్కున్నాడు.

"భుజానికేమైందిరా?" అన్నాను.

"ఏం లేదు."

రెండు సిగ్నళ్ళు దాటాక వాడే అన్నాడు: "కోచ్‌కి చెప్పకు నాన్నా. ఇంక రెండే మాచ్‌లున్నాయి."

రెండే! మాచ్‌లు రెండైనా ఇరవయ్యైనా నాకు పట్టింపు లేదు. ఆ 'ఏ' ఉంది చూశారూ, అదే నన్ను భయపెట్టింది. మా ఇంట్లో ఆ ఒక్క అక్షరానికి పెద్ద చరిత్రే ఉంది. అది చెప్పాలంటే ముందు విటాలి క్లిచ్కో గురించి చెప్పాలి. ఆయనకీ మాకూ చుట్టరికం ఏమీ లేదు లెండి!

ఈ తరం వాళ్ళకి ఆయన కీవ్ నగరం మేయరుగానే తెలుసు. 1971లో కిర్గిజ్‌స్థాన్‌లో పుట్టాడు. అప్పటికింకా అది సోవియట్ యూనియన్. తండ్రి వైమానిక దళంలో అధికారి. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడ పనిచేసినవాళ్ళలో ఆయనా ఒకరు, 2011లో కాన్సరుతో పోయాడు. విటాలి మొదట బాక్సరు కాడు, కిక్‌బాక్సరు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి కాళ్ళతో కూడా కొడితే ఎదుటివాడి గతేమిటో ఊహించుకోండి. ఆ ఆటలో చాలాసార్లు ప్రపంచ చాంపియన్. అందులో దెబ్బ తినకపోలేదు. 1992లో పెలే రీడ్ అనే బ్రిటిష్ కుర్రాడు గిర్రున తిరిగి తన్నిన తన్నుకి నాకౌట్ అయ్యాడు.

బాక్సింగులోకి వచ్చాక కూడా ఆ పాత ఆట వాసన పోలేదు. ఎడంచెయ్యి కిందకి వేలాడేసి, నడుం దగ్గర్నుంచి వెనక్కి వాలి, ఎక్కణ్ణుంచో అందని దూరం నుంచి కొట్టేవాడు. చూడ్డానికి వికారంగా ఉండేది, కానీ పనిచేసేది. 1995లో ప్రపంచ అమెచ్యూర్ పోటీల్లో వెండి పతకం వచ్చింది. 1996 ఒలింపిక్సుకి వెళ్ళాల్సినవాడు నిషేధించిన స్టెరాయిడు పరీక్షలో దొరికిపోయి ఆగిపోయాడు. కాలి దెబ్బకి వైద్యంలో వచ్చిందది అని తర్వాత చెప్పుకున్నాడు. ఏదైనా తప్పు తప్పే. ఆయన చోట్లో అట్లాంటా వెళ్ళిన తమ్ముడు వ్లాదిమిర్ బంగారం తెచ్చాడు. అదే ఏడు నవంబరులో అన్నదమ్ములిద్దరూ ప్రొఫెషనల్స్ అయ్యారు.

ఇక అసలు సంగతి. 2000 ఏప్రిల్ 1, బెర్లిన్. అప్పటికి విటాలి 27 ఆడితే 27 గెలిచాడు, అన్నీ నాకౌట్లే. అంతకు ముందు ఏడు లండన్‌లో హెర్బీ హైడ్‌ని రెండో రౌండులోనే పడగొట్టి డబ్ల్యూబీఓ బెల్టు తెచ్చుకున్నాడు. ఆ రోజు ఎదురుగా క్రిస్ బర్డ్ అనే అమెరికన్. వేరేవాళ్ళు రాలేకపోతే ఆఖరి నిమిషంలో పిలిచిన మనిషి. చిన్నవాడు, గట్టి దెబ్బ లేనివాడు, కానీ దొరకడు. పాదరసం లాంటివాడు.

దెబ్బ తగిలితే చేతిని ఎదుటివాడి ఒళ్ళు ఆపుతుంది. గాల్లోకి పోతే? విసిరిన భుజమే దాన్ని వెనక్కి పట్టి ఆపాలి. భుజం కీలు చుట్టూ చిన్న చిన్న కండరాలుంటాయి, ఆ పని వాటిది. క్రికెట్లో ఫాస్టు బౌలర్ల భుజాలు పాడయ్యేదీ దాదాపు ఇందుకే. బర్డ్ తప్పించుకున్నకొద్దీ విటాలి ఎడం భుజం లోపల తెగింది. తొమ్మిదో రౌండు అయ్యాక మూలలో స్టూలు మీద కూర్చుని ఇక ఆడలేనన్నాడు. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ బాగా ముందున్నాడు. మిగిలింది మూడు రౌండ్లే.

మూడే! ఒంటిచేత్తో తప్పించుకు తిరిగినా గెలిచేవాడు. ఆ మాటే ప్రపంచమంతా అంది. అమెరికన్ బాక్సింగు రాతగాళ్ళు ఈ మనిషికి గుండె లేదన్నారు. వాళ్ళ భాషలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

గుండె అంటే మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న బస్సు డ్రైవరు. 1998లో ఒకరోజు కనిగిరి నుంచి ఒంగోలు వెళ్తుంటే పొదిలి దాటాక ఛాతీలో నొప్పి మొదలైంది. చొక్కా తడిసిపోయింది. కండక్టరు చూసి ఆపమన్నాడట. "ఇంక గంటే గదయ్యా, జనం నడిరోడ్డు మీద ఏం పడతారు" అన్నారట. గంటసేపూ నడిపి, ఒంగోలు బస్టాండులో బండిని ప్లాట్‌ఫారం మీద నిలిపి, తాళం తీసి కండక్టరు చేతికిచ్చి అప్పుడు కూర్చున్నారు. అదే గుండెపోటు.

మా ఊళ్ళో నెల రోజులు అదే మాట. గుండె ఉన్న మనిషి అంటే అతనూ అని. డాక్టరు మాత్రం మెచ్చుకోలేదు. నొప్పి మొదలైనప్పుడే పక్కకి ఆపుంటే ఇంత గుండె దెబ్బతినేది కాదయ్యా అన్నాడు. మూడో ఆసుపత్రిలో నాలుగో డాక్టరూ అదే అన్నాడు. నాన్న ఆ తర్వాత డ్యూటీకి వెళ్ళలేదు. రెండంతస్తులు ఎక్కితే మధ్యలో ఆగి గోడ పట్టుకునేవారు. అయినా ఆ కథ ఎవరు చెప్పినా ఆయన మీసం కొంచెం లేచేది. ఏం చేస్తాం, నాకూ గర్వంగానే ఉండేది.

నేను విటాలిని మొదట చూసింది 2003 జూన్ 21న. ఎడిసన్‌లో నలుగురం ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. నెల్లూరు రూమ్మేటుకి బాక్సింగు పిచ్చి. అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి లెన్నాక్స్ లూయిస్‌తో పోటీ చూపించాడు. ఈసారి ఆఖర్లో పిలిస్తే వచ్చింది విటాలి. లూయిస్‌తో ఆడాల్సిన మనిషి గాయపడితే రెండు వారాల ముందు కబురొచ్చింది. రెండో రౌండులో లూయిస్‌ని అదరగొట్టాడు. మూడో రౌండులో ఎడమ కన్ను పైన చర్మం చీలింది. ఆరో రౌండు అయ్యేసరికి మొహం చూడలేకపోయాను. డాక్టరు వచ్చి ఆపేశాడు. అప్పటికీ ముగ్గురు జడ్జీల దగ్గరా 58-56తో విటాలిదే పైచెయ్యి. ఆపొద్దని రింగులో అరుస్తూ తిరిగాడు. దాదాపు 60 కుట్లు పడ్డాయి. జనం గెలిచిన లూయిస్‌ని గోల చేసి ఓడినవాడికి జేజేలు కొట్టారు.

"చూశావా, బెర్లిన్‌లో పారిపోయినవాడు ఈరోజు మగాడయ్యాడు" అన్నాడు నెల్లూరాయన. అప్పుడే నాకు బెర్లిన్ కథ తెలిసింది. అవునవును అన్నాను. నాకూ అలాగే అనిపించింది మరి.

తర్వాత చాలా ఏళ్ళకి గాని ఆలోచించలేదు. ఆ రెండు రోజులూ మనిషి ఒక్కడే. రెండుసార్లూ గెలుస్తూ ఓడాడు. తేడా అల్లా ఒకసారి తనే ఆపుకున్నాడు, ఇంకోసారి వేరేవాళ్ళు ఆపారు. వేరేవాళ్ళు ఆపితే వీరుడు, తనే ఆపుకుంటే పిరికివాడు. ఇదేం లెక్క?

ఆ ఆలోచన ఎందుకొచ్చిందంటే, 2009లో నా వంతు వచ్చింది. సోమవారం విమానమెక్కి గురువారం దిగే కన్సల్టింగు బతుకు. నడుం నొప్పి మెల్లగా కాల్లోకి దిగి, ఒకరోజు ఎయిర్‌పోర్టులో ఎడం పాదం మొద్దుబారిపోయింది. డిస్కు నరాన్ని నొక్కుతోంది, ఇక తిరగొద్దన్నారు. ప్రాజెక్టు గో-లైవ్‌కి మూడు వారాలుంది. మేనేజరుకి ఫోన్ చేసి నావల్ల కాదన్నాను. మాంద్యం రోజులు. ఆ కాంట్రాక్టు పోయింది, తర్వాతది రావడానికి అయిదు నెలలు పట్టింది. వీసా ఏమవుతుందోనన్న భయంతో నిద్ర పట్టేది కాదు.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకో మూడు వారాలేగా రా. ఓర్చుకోలేకపోయావా?" అన్నారు.

కోప్పడి అన్నది కాదు. జాలిగానే అన్నారు. అందుకే రెండేళ్ళు లోపలే ఉండిపోయింది ఆ మాట.

2011 డిసెంబరులో ఇండియా వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. ఏం తోచక లాప్‌టాప్‌లో దాచుకున్న బెర్లిన్ పోటీ పెట్టాను. నాన్న పక్కన మంచం మీద కూర్చుని చూశారు. బాక్సింగు ఆయనకి తెలీదు. తొమ్మిదో రౌండయ్యాక "ఏంటి, లేవడే?" అన్నారు. భుజం సంగతి చెప్పాను.

"ఇంకెన్ని ఆటలున్నాయి?"

"మూడు."

ఆయన 'మూడేనా' అంటారనుకున్నాను. అనలేదు. "ఆ భుజం తర్వాత బాగైందా?" అని అడిగారు.

బాగైందని చెప్పాను. ఎనిమిది నెలలు తిరక్కముందే మళ్ళీ రింగెక్కాడు. పోగొట్టుకున్న బెల్టుని ఆ ఏడు అక్టోబరులో తమ్ముడు బర్డ్‌ని ఓడించి ఇంటికి తెచ్చాడు. 2004లో లూయిస్ రిటైరయ్యాక, తమ్ముణ్ణి రెండో రౌండులో పడగొట్టిన కోరీ శాండర్స్‌ని అన్న ఓడించి డబ్ల్యూబీసీ బెల్టు గెలిచాడు. 2005లో మోకాలు పోయి మళ్ళీ ఆపేశాడు, రిటైరయ్యానని చెప్పేశాడు. దాదాపు నాలుగేళ్ళు ఆడకుండా, 2008 అక్టోబరులో అదే బెర్లిన్‌కి తిరిగొచ్చి శామ్యూల్ పీటర్‌తో తలపడ్డాడు. ఎనిమిదో రౌండు అయ్యాక స్టూలు మీద కూర్చుండిపోయింది ఈసారి పీటర్. "ఇప్పుడు నలభై ఏళ్ళు నాన్నా. ఇంకా చాంపియనే" అన్నాను.

నాన్న తెర వంక చూస్తూ ఉన్నారు. అందులో విటాలి మొహం ఆగిపోయి ఉంది. "అయితే కూర్చుని మంచి పని చేశాడు" అన్నారు. కాసేపాగి, నా వైపు చూడకుండా, "నీ నడుం ఎట్టుందిప్పుడు?" అని అడిగారు.

అంతే. పొదిలి మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. 2013లో నాన్న పోయారు.

విటాలి 2012లో చివరిసారి ఆడాడు. మొత్తం 47 పోటీలు, 45 గెలుపులు, 41 నాకౌట్లు. బాక్సింగులో ఒక్కసారి కూడా కింద పడలేదు. 2014లో కీవ్ మేయరయ్యాడు, 2015లోనూ 2020లోనూ మళ్ళీ గెలిచాడు. మేయరుగా మెచ్చేవాళ్ళున్నారు, తిట్టేవాళ్ళూ ఉన్నారు. కానీ 2022 ఫిబ్రవరిలో రష్యా బాంబులు పడ్డప్పుడు ఊరొదిలి పోలేదు. గుండె లేదన్న మనిషే మరి. ఎప్పుడు ఆపాలో తెలిసినవాడికి ఎక్కడ ఆగకూడదో తెలియదనుకోవడం మన పొరపాటు.

ఈ కథంతా ఇంటికొచ్చి ఐసు పెడుతూ మావాడికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. చివర్లో అడిగాడు: "అయితే ఆ రోజు బెల్టు పోయిందిగా నాన్నా?"

"పోయిందిరా" అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? బెల్టు పోయింది, పరువు పోయింది, మూడేళ్ళపాటు మాట పడ్డాడు. ఆపుకుంటే నష్టం ఉండదని నేను చెప్పలేను. నాకు పోయిన అయిదు నెలలు ఇంకా గుర్తే.

వాడు ఐసు సంచీ సర్దుకుంటూ "సోమవారం నేనే చెప్తాలే కోచ్‌కి. నువ్వు చెప్పకు" అన్నాడు.

ఇవాళ మంగళవారం. చెప్పాడో లేదో నేనింకా అడగలేదు. పొద్దున కార్లో సీటు బెల్టు మాత్రం ఎడంచేత్తోనే పెట్టుకున్నాడు. ఇవాళ సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ చెప్పకపోతే ఆ ఫోనేదో నేనే చేస్తాను. తిట్టుకుంటే తిట్టుకుంటాడు.