నలుపు తిన్న దుప్పటి

ముదినేపల్లిలో అమ్మమ్మ ట్రంకు పెట్టె తెరిస్తే పాత కలంకారీ దుప్పటి బయటపడింది. ఎర్ర పువ్వులు నిన్న అద్దినట్టే ఉన్నాయి. వాటి చుట్టూ నల్ల గీతలుండాల్సిన చోట మాత్రం... సన్నటి చీలికలు! పురుగు కొట్టిందని తేల్చేసింది అత్తయ్య. పురుగైతే ఎరుపును వదిలేసి నలుపునే ఎందుకు ఏరుకు తింటుంది?

ఆ అనుమానం తీరక మావాణ్ని వెంటబెట్టుకుని పెడన వెళ్లాను. అద్దకం షెడ్డు వెనక ఓ కుండ. అందులో తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు. వారాల తరబడి పులియబెడతారు. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. ఆ నీళ్లలో ముంచిన అచ్చును, కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద వేస్తే చూస్తుండగానే నలుపు తేలుతుంది. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, ఇనుమును పట్టేసుకుంటుంది. మాచికాయ, అన్నభేది కలిపి చేసే పాతకాలపు సిరా కూడా ఈ బాపతే.

మావాడు జేబులోంచి అయస్కాంతం తీశాడు. కుండలోని మేకు టక్కున అంటుకుంది. నల్ల గుడ్డ ససేమిరా అంది. 'ఇందులోనూ ఇనుమే అన్నావుగా అమ్మా!' అని నిలదీశాడు. తిరిగి వచ్చేదాకా నాకు అదే పని.

మేకులో ఇనుప పరమాణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒక్కోటీ ఓ బుల్లి అయస్కాంతమే. అయస్కాంతం దగ్గరికి రాగానే గుంపుగా అటు తిరుగుతాయి. నలుపులో సంగతి వేరు. ఇనుప పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు చేరతాయి... పైనొకటి, కిందొకటి, నాలుగు దిక్కులా నాలుగు. ఇనుము, గాలిక్ ఆమ్లం కలిసిన స్ఫటికాన్ని 1991లో జర్మన్ శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలతో పరిశీలిస్తే కనిపించిన అమరిక ఇదే. జతలేని ఎలక్ట్రాన్లు ఐదూ అక్కడే ఉన్నా, పొరుగు పరమాణువు దూరమైంది. మామూలు గది వేడికే తలోదిక్కూ చూస్తాయి. ఆ కాస్త ఆకర్షణ సున్నితమైన పరికరాలకే అందుతుంది. మన నెత్తురు మరీ చిత్రం! ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం లాగుతుంది, ఆక్సిజన్ ఎక్కగానే కొద్దిగా నెడుతుంది. 1936లో పాలింగ్, కోర్యెల్ కనిపెట్టిన సంగతిది.

ఇంతకీ దుప్పటి? టానిన్‌కు చిక్కకుండా మిగిలిన ఇనుముదే ఆ పని. గాలి, తేమ తోడైతే నూలు పోగుల్ని ఏళ్ల తరబడి కొరుకుతూ పోతుంది. ఎరుపు కోసం వాడేది పటిక. అందులోది అల్యూమినియం, దానికి ఈ జబ్బు లేదు. అద్దకం అయ్యాక గుడ్డను అన్నిసార్లు జాడించడం ఎందుకో నాకప్పుడు అర్థమైంది. మా దుప్పటికి ఎన్ని జాడింపులు తగ్గాయో ఎవరు చెబుతారు!

ఇక ఉతకొద్దు, తేమ తగలనివ్వొద్దు అని అత్తయ్యకు చెప్పాను. డెల్టాలో వానాకాలం తేమ తగలకపోవడమంటే మాటలా! ఆవిడ శ్రద్ధగా విని, ఉతికిన పాత పంచెలో దాన్ని చుట్టింది. చుట్టి, మడతల్లో నాలుగు కలరా ఉండలు కూడా వేసింది.

'పురుగు కూడా ఉంటుందిగా' అంది.