నీళ్లకు ఆదివారం తెలియదు



పోయిన వారం మన సంఘపెద్ద ఒకరి జ్ఞాపకార్థ కూడిక జరిగింది. దూరాన ఉండి రాలేకపోయినవారు ఆయన గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. పేరు రాయను. తన పేరు ఎక్కడైనా కనబడితే సిగ్గుపడే మనిషి ఆయన. వెనుక బెంచీలో కిటికీ పక్కన, భుజం మీద తెల్ల తువ్వాలతో కూర్చునేవారంటే మన మందమర్రివాళ్లకు చాలు.

1980లలో బదిలీ వర్కర్‌గా బాయిలోకి దిగారు. ఆ తర్వాత చాలా ఏళ్లు కోల్ ఫిల్లర్. ఎస్‌డీఎల్ యంత్రాలు రాకముందు ఫిల్లర్ పని ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. పేల్చిన బొగ్గును చెమ్మాసుతో తట్టకెత్తి, ఆ తట్ట మోసుకెళ్లి టబ్బు నింపాలి. ఆ ఉక్కపోతలో ఒంటి మీద చొక్కా నిలవదు. ఆ కష్టంతోనే ఇద్దరు ఆడపిల్లలను చదివించారు. మగపిల్లవాడు లేడని జాలిపడిన చుట్టాలకు ఆయన ఏనాడూ జవాబివ్వలేదు. ఫీజులు మాత్రం గడువులోపే కట్టారు.

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పటికి ఈయన మన దగ్గర పంపు ఆపరేటర్. ఆ వార్త విన్న మరునాడు డ్యూటీకి పోకుండా ఆపాలని భార్య టిఫిన్ డబ్బా దాచిపెట్టిందట. ఆయన వెతకలేదు, డబ్బా లేకుండానే వెళ్లిపోయారు. ఈ సంగతి ఆమె చెబుతుంటే పక్కన కూర్చుని నవ్వేవారు.

పంపు పనితోనే ఆదివారం చిక్కు వచ్చింది. సెలవు రోజు డ్యూటీని మనవాళ్లు ప్లే డే అంటారు, కూలి ఎక్కువ. అందుకే ఆశపడి ఆరాధన మానుతున్నాడని కొందరు గొణిగారు. సంఘపెద్దగా ఎన్నుకునేటప్పుడు ఆ మాట కమిటీలో కూడా వచ్చింది. నేను ఆయననే అడిగాను.

“అయ్యగారూ, నీళ్లకు ఐతారం తెల్వదు. మోటరు బందైతే పొద్దుగాల దిగే పోరగాండ్ల గతేంది?” అన్నారు. కాసేపాగి, “పైసలు గూడ అక్కెరే, అబద్ధమెందుకు” అన్నారు.

విశ్రాంతి దినాన బావిలో పడిన ఎద్దు గురించి ప్రభువు అడిగిన ప్రశ్నను కమిటీకి గుర్తుచేశాను. మన దగ్గర బాయిలో ఉండేది మనుషులు కదా. ఆయనకు పైసలు అవసరమైనంత మాత్రాన ఆ పని ఎద్దును పైకి లాగడం కంటే తక్కువదవుతుందని నేను అనుకోను.

ఆయనను తలచుకుంటే నాకు యోసేపు గుర్తుకొస్తాడు. సువార్తలలో యోసేపు పలికినట్టు ఒక్క మాట కూడా లేదు. మత్తయి మొదటి రెండు అధ్యాయాలు చదవండి. ఆయన నిద్రలేస్తాడు, చెప్పింది చేస్తాడు. రాత్రివేళ లేచి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు బయలుదేరతాడు. మళ్లీ లేచి వెనక్కి వస్తాడు. మాటలు లేవు, లేవడమే ఉంది. షిఫ్టు డ్యూటీల ఇళ్లలో పెరిగిన మీకు ఆ లేవడమేమిటో నేను వివరించనక్కరలేదు.

2011 సకల జనుల సమ్మెలో సింగరేణి 35 రోజులు ఆగిపోయింది. జీతం లేదు. పెద్దమ్మాయి అప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఈయన యాభై దాటిన వయసులో పక్క ఊళ్ల పత్తి చేన్లలో కూలికి వెళ్లారు. తెలిసినవాళ్లు చూస్తారని ముఖం చాటేయలేదు. ఆ నెల కానుక మాత్రం తగ్గింది. తగ్గిందని తానే వచ్చి చెప్పారు.

రిటైరయ్యే ముందు ఏడాది భార్యకు పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి వంట ఆయనదే. అన్నం కలిపి పెట్టడం, మందులు వేయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆయన జడ వేయడం కూడా నేర్చుకున్నారు. చెమ్మాసు పట్టి కాయలు కాసిన ఆ చేతులతో మూడు పాయలు తీసి అల్లుతుంటే చాలాసార్లు చూశాను. ఆరాధనకు వచ్చే రోజు ఆమె జడ ఎప్పుడూ చక్కగా ఉండేది.

చిన్నమ్మాయి ఇప్పుడు తల్లి దగ్గరే ఉంటోంది. నిన్న ప్రార్థనకు వెళ్లేసరికి తల దువ్వుతోంది. “గట్టిగ గుంజకు బిడ్డా, మీ బాపు గిట్ల గుంజకపోతుండె” అని ఆ తల్లి కసురుకుంటోంది. సాయంత్రాలు వీలైనవాళ్లు వెళ్లి కాసేపు ఆమె దగ్గర కూర్చోండి.