ముట్టలేదు

మా గుడిలో అమ్మవారి వెనుక కట్టడానికి ఒక తెర కావాలన్నారు. నేను చేయిస్తానని ముందుకు వచ్చాను. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒకాయనకు చెప్పాను. మూడు మీటర్ల బట్ట, మా కొలత, మేము అడిగిన బొమ్మలు. ధర 80,000 రూపాయలు, అందులో సగం బయానా. పని మొదలుపెట్టడానికి ముందుగా ఇచ్చే డబ్బును బయానా అంటారు. ఈ మాట నాకు అప్పుడే తెలిసింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా బ్యాంకు నుంచి 40,000 రూపాయలకు సరిపడా యూరోలు పంపాను. వారం తర్వాత వాట్సాప్‌లో ఆయన రాశారు: "అమ్మా, డబ్బు పూర్తిగా ముట్టలేదు."

నాకు 64 ఏళ్ళు. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు చదవడం, రాయడం ఈ దేశం వచ్చాక నేనే నేర్చుకున్నాను. ముట్టుకోవడం అంటే తాకడం, అంతవరకే తెలుసు. అందుకని "మీ డబ్బును మేము అసలు తాకలేదు" అని అర్థం చేసుకున్నాను. అంటే పని మొదలుపెట్టలేదన్నమాట! అది భక్తులు ఇచ్చిన డబ్బు. కోపం వచ్చి "అయితే వెనక్కి పంపు" అని రాశాను. పంపండి కాదు, పంపు.

రెండు రోజులు జవాబు లేదు. కమిటీలో ఒకరు ఆర్డర్ రద్దు చేద్దామన్నారు. జర్మనీలో ఇంటర్నెట్‌లో కొన్నవి 14 రోజుల్లో తిరిగి ఇవ్వొచ్చు కదా అన్నారు. కానీ మన కొలత ఇచ్చి చేయించుకున్నవాటికి ఇక్కడి చట్టంలో కూడా ఆ హక్కు లేదు.

చివరికి ఫోన్ చేశాను. "ముట్టడం అంటే అందడం అమ్మా. 38,300 అందింది, మిగతాది రాలేదు," అన్నారాయన మెల్లగా. పాస్‌బుక్ ఫోటో కూడా పంపారు. బట్టను అప్పటికే కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండబెట్టారట. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది. నల్ల రంగు కోసం బెల్లం, పాత ఇనుము నీళ్ళలో ఊరుతున్నాయి. నేను వెనక్కి పంపమన్నది ఈ బట్టనే.

మరి 1,700 ఎవరు తీసుకున్నారు? మా బ్యాంకుకు వెళ్ళి అడిగాను. విదేశానికి డబ్బు పంపేటప్పుడు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఖర్చులు ఎవరివి? అన్నీ పంపేవారివి, ఇద్దరూ పంచుకోవడం, అన్నీ తీసుకునేవారివి అని మూడు జవాబులు. నేను ఆలోచించకుండా పంచుకోవడం నొక్కాను. దారిలో ఒక బ్యాంకు, అక్కడ ఆయన బ్యాంకు కొంత కొంత కోసుకున్నాయి. రూపాయల్లోకి మార్చిన రేటు కూడా నేను ఫోన్లో చూసిన రేటు కాదు.

మా కోశాధికారి "మనం పంపేశాం, రశీదు ఉంది" అన్నారు. నాకు అది నచ్చలేదు. ఆయన చెప్పిన ధర పనికి, బ్యాంకులకు కాదు. ఆ 1,700 నా చేతి నుంచి వేసి, రెండో సగంతో కలిపి, ఖర్చులన్నీ మావే అని నొక్కి పంపాను.

"మొత్తం ముట్టిందమ్మా" అని జవాబు వచ్చింది. "చాలా సంతోషమండీ, ఆ రోజు అలా రాసినందుకు క్షమించండి" అని రాశాను. పంపే ముందు రెండుసార్లు చదువుకున్నాను.

తెర వచ్చింది. దానితో పాటు కస్టమ్స్ బిల్లు కూడా వచ్చింది, 19 శాతం దిగుమతి పన్నుతో. కోశాధికారి మళ్ళీ నా వైపు చూశారు. ఆ కథ ఇంకోసారి రాస్తాను.