తొలి పాఠకుడి గీతలు

పుస్తకాలు సేకరించేవాళ్ళలో అనువాదాల తొలి ముద్రణలకు గౌరవం తక్కువ. మూలగ్రంథం మొదటి కూర్పు దొరికితే కళ్ళకద్దుకుంటారు. అదే పుస్తకం మరో భాషలోకి మొదటిసారి వచ్చిన ప్రతి ఎదురైతే రెండు పుటలు తిప్పి పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం ఆ పక్కన పెట్టినవాటి మీదే మనసు. అందులోనూ పందొమ్మిదో శతాబ్దం చివర డెకడెంట్లని పేరుపడ్డ కవులు, వాళ్ళు గురువుగా భావించిన బోదలేర్, బోదలేర్ ప్రాణంలా చూసుకున్న ఎడ్గార్ అలన్ పో... వీళ్ళ కవితలు పరభాషలో బొమ్మలతో అచ్చయిన తొలి కూర్పులంటే ఎంత దూరమైనా వెళ్ళి చూడాలనిపిస్తుంది. కొనగలిగినవి కొన్నే. మిగతావి గ్రంథాలయాల్లో చూసినవి, వేలం కేటలాగుల్లో మళ్ళీమళ్ళీ చదువుకున్నవి.

ఎందుకింత మక్కువ అంటే, ఒక కవితను మొదట్లో ఎవరెట్లా చదివారో మామూలుగా మనకు తెలిసే వీలుండదు. చదివినవాడు పుస్తకం మూసి వెళ్ళిపోతాడు. బొమ్మలు గీసినవాడు అట్లా వెళ్ళిపోలేడు. అతని చదువంతా కాగితం మీద ఉండిపోతుంది. ఎక్కడ భయపడ్డాడు, ఎక్కడ ఆగాడు, ఏది గీయకుండా వదిలేశాడు, అన్నీ కనబడతాయి.

1875లో పారిస్‌లో వచ్చిన ‘ల కోర్బో’ నా లెక్కన ఈ రకం పుస్తకాల్లో అన్నిటికంటే గొప్పది. పో రాసిన బొంతకాకి కవితకు స్తెఫాన్ మలార్మే చేసిన ఫ్రెంచి అనువాదం అది. బొమ్మలు ఎదువార్ మానేవి. అప్పటికి మలార్మే బడిలో ఇంగ్లీషు చెప్పుకునే పంతులు, పెద్దగా పేరులేని కవి. మానే అప్పటికే పారిస్‌ను రెండుగా చీల్చిన చిత్రకారుడు. అచ్చువేయ తలపెట్టింది 240 ప్రతులు. వాటి మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా ఫ్రెంచి వచనం. పెద్ద సైజు పుస్తకం, ఒళ్ళో పెట్టుకుని చదవడానికి వీలుపడదు, బల్ల కావాలి. పుస్తకం అమ్ముడుపోలేదు.

మానే కుంచెను సిరాలో ముంచి కాగితం మీద గీసి, దాన్ని రాతి అచ్చు పద్ధతికి దగ్గరి పద్ధతిలో పలక మీదికి ఎక్కించాడు. అందుకే గీతలో చేతి వేగం అట్లాగే ఉంది. మొదటి బొమ్మలో దీపం కింద బల్ల దగ్గర కూర్చున్న మనిషి. రెండో బొమ్మలో అతను కిటికీ తెరుస్తాడు, కాకి లోపలికొస్తుంది. ఆ కిటికీ అవతల కనబడేవి పారిస్ ఇళ్ళ కప్పులు. పో కవితలో పారిస్ ఎక్కడుంది? గదిలో ఉన్న మనిషి కూడా మలార్మేలాగే ఉన్నాడని చూసినవాళ్ళు చాలామంది అన్నారు. నాకూ అట్లాగే అనిపించింది. కవిత ఒక భాష నుంచి ఇంకో భాషకు మారినప్పుడు ఇల్లు కూడా మారుతుందని మానేకు ఎవరూ చెప్పి ఉండరు. చదువుతుంటే ఆయనకట్లా కనబడింది, అట్లాగే గీశాడు. మూడో బొమ్మలో కాకి తలుపు మీది విగ్రహం మీద వాలి ఉంటుంది. నాలుగో బొమ్మలో మనిషి లేడు. ఖాళీ కుర్చీ ఉంది, నేల మీద పరుచుకున్న నల్లటి నీడ ఉంది. మొదట ఆ పుట దగ్గరికొచ్చినప్పుడు ఏ గీత ఏమిటో ఓ పట్టాన తెలియదు. కాసేపు చూస్తే కుర్చీ కాళ్ళు విడివిడిగా తేలతాయి. దుఃఖాన్ని గీయమంటే ఏడ్చే మొహం గీసే చిత్రకారులు ఎంతమంది లేరు! మానే కుర్చీని గీశాడు.

బోదలేర్ విషయంలో కథ ఇంకోలా నడిచింది. ఆయన కవితా సంపుటి ‘లె ఫ్లర్ దు మాల్’ 1857లో వచ్చింది. ఆ ఏడాదే కోర్టు ఆరు కవితలను తీసేయమంది, కవికి 300 ఫ్రాంకుల జరిమానా వేసింది. తర్వాత అది 50కి తగ్గింది. ఆ ఆరు కవితల మీద నిషేధం 1949 దాకా పోలేదు. 1861 నాటి రెండో కూర్పుకు ముందు బ్రాక్‌మాన్ అనే చిత్రకారుడు చేతులు కొమ్మలైన అస్థిపంజరాన్ని గీసి ఇస్తే, బోదలేర్‌కు నచ్చక పక్కన పెట్టించాడు. చివరికి కవి ముఖచిత్రం ఒక్కటే పడింది. బతికున్న కవి తన పుస్తకాన్ని ఎవరెట్లా చూడాలో తనే నిర్ణయించుకుంటాడు, అది అతని హక్కు. పోయాక పుస్తకం చదివినవాళ్ళది. 1880లలో పాల్ గలిమార్ అనే గ్రంథప్రియుడు తన దగ్గరున్న 1857 ప్రతిని శిల్పి రోదాఁకు ఇచ్చి, ఇందులోనే బొమ్మలు వేయమన్నాడు. అచ్చు పుటల మీద, కవితల పక్కన, రోదాఁ నేరుగా గీశాడు. అంత విలువైన ప్రతి మీద కలం పెట్టనివ్వడానికి ఎంత నమ్మకం ఉండాలో! ఈ పని ఇప్పుడెవరైనా చేస్తే పుస్తకం పాడుచేశాడంటారు.

ఇంగ్లీషువాళ్ళకు ఈ కవిని ముందుగా పరిచయం చేసినవాడు వాళ్ళ కవే అయిన స్విన్‌బర్న్, 1862లో ‘స్పెక్టేటర్’ పత్రికలో. ముప్పై ఏళ్ళ తర్వాత, 1893లో, జాన్ గ్రే ‘సిల్వర్‌పాయింట్స్’ వచ్చింది. సొంత కవితలతో పాటు బోదలేర్, వెర్లేన్, మలార్మే, రాంబో కవితలకు ఇంగ్లీషు అనుసరణలున్నాయి అందులో. కాగితం మీద అచ్చయినవి 250. బొమ్మలు లేవు, అయినా నా జాబితాలో ఉంది, ఎందుకంటే చార్ల్స్ రికెట్స్ పుస్తకాన్నే బొమ్మగా కట్టాడు. మన పాత షావుకార్ల చిట్టా పుస్తకంలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆకుపచ్చ గుడ్డ అట్ట మీద బంగారు జ్వాలల వరసలు. లోపల చిన్న ఇటాలిక్ అక్షరాలు, చుట్టూ బోలెడంత తెల్లకాగితం. ఆ తెలుపును అప్పట్లో ఎగతాళి చేసినవాళ్ళున్నారు. నాకది ఎంతో అవసరం అనిపిస్తుంది. ఒక్కో కవిత చదివాక కాసేపు ఊపిరి పీల్చుకోవాలి గదా.

1929లో లండన్‌లో వచ్చిన బోదలేర్ అనువాదం పూర్తిగా వేరే లోకం. బొమ్మలు బెరెస్‌ఫర్డ్ ఈగన్‌వి, అనువాదం ఆయన భార్య బవర్ ఆల్కాక్‌ది. 1890ల చిత్రకారుడు బియర్డ్‌స్లీ నుంచి నేర్చుకున్న నలుపు తెలుపులే, కానీ ఆ గీతల్లో యుద్ధం తర్వాతి నగరాల కర్కశత్వం ఉంది. అదే కవి, అవే కవితలు. చూసిన కాలం మాత్రం వేరు.

ఇలాంటి ప్రతి చేతికొస్తే మొదట చేయాల్సిన పని బొమ్మల పుటలు లెక్కపెట్టడం. పుస్తకం విప్పి ఒక్కో బొమ్మను చట్రం కట్టి అమ్మితే ఎక్కువ డబ్బొస్తుందని కత్తిరించేవాళ్ళున్నారు. ఆ తర్వాత బొమ్మకు ఎదురుగా ఉన్న పుట చూస్తాను. ఏళ్ళ తరబడి మూసి ఉంచితే సిరా అటువైపు లేతగా దిగుతుంది. బొమ్మ లేకపోయినా దాని మరక ఉందంటే, ఎవరో కోసేశారన్నమాట. గోధుమరంగు మచ్చలకు నేను బెంగపడను. పుటల అంచులు కోయకుండా కొత్తగా ఉన్న ప్రతికి ధర ఎక్కువ. కానీ దాన్ని ఇన్నేళ్ళూ ఎవరూ చదవలేదనేగా అర్థం. చదివి నలిగిన ప్రతే నాకిష్టం.

ఈ లోకానికి తెలుగువాళ్ళు దూరంగా ఏమీ లేరు. డెకడెంట్ కవుల గురించి ఇంగ్లీషులో ముందుగా రాసినవాళ్ళలో ఒకడైన ఆర్థర్ సైమన్స్, 1905లో మన హైదరాబాదు సరోజినీ నాయుడి ‘గోల్డెన్ త్రెషోల్డ్’కు పీఠిక రాశాడు. ‘మహాప్రస్థానం’లో శ్రీశ్రీ స్విన్‌బర్న్ మీద ఒక కవితే రాశాడు. వీటన్నిటికంటే నన్ను కదిలించే మనిషి గూటాల కృష్ణమూర్తి. ఆయన లండన్‌లో 1963లో ఫ్రాన్సిస్ థాంప్సన్ సొసైటీ స్థాపించారు. థాంప్సన్ నల్లమందుకు అలవాటుపడి, లండన్ వీధుల్లో అగ్గిపెట్టెలు అమ్ముకుని బతికిన కవి. ఆ సంఘమే 1972లో ఎయిటీన్ నైంటీస్ సొసైటీ అయింది. మరుసటి ఏడాది 1890ల సాహిత్యం మీద ఏర్పాటైన ప్రదర్శనకు కేటలాగు కూర్చింది ఆయనే. ఇంగ్లీషువాళ్ళే మర్చిపోయిన కవులను వాళ్ళకు గుర్తుచేసిన తెలుగువాడు.

అదే మనిషి 1981లో లండన్ నుంచి ‘మహాప్రస్థానం’ తెచ్చారు, శ్రీశ్రీ సొంత దస్తూరిలో, శ్రీశ్రీ గొంతుతో చదివిన కేసెట్ జతచేసి. పుస్తకం అంటే కవితలు ఒక్కటే కాదు, కాగితం, అక్షరం, కవి చేయి అన్నీ అని 1890ల నాటి పుస్తకాల మధ్య అన్నేళ్ళు గడిపినవాడికి తట్టే ఆలోచన అది. తెలుగులో అట్లాంటి పుస్తకం వేయడానికి లండన్‌లో రికెట్స్‌నూ బియర్డ్‌స్లీనీ ఎరిగిన మనిషి కావలసి వచ్చింది. బోదలేర్‌ను తెలుగులో చదివి, ఈ కాలపు హైదరాబాదు కిటికీలోంచో విశాఖ కిటికీలోంచో బొమ్మలు గీసే చిత్రకారుడి కోసం నేను ఎదురుచూస్తున్నాను. అది అచ్చయితే తొలి ప్రతి కోసం వరసలో నిలబడతాను. ఈలోగా ఆ లండన్ ‘మహాప్రస్థానం’ ఎవరి దగ్గరైనా ఉందని వింటే, కేసెట్ కూడా ఉందా అని ముందు అడుగుతాను.