గాజీ

శ్రీహరికోటకు ఒకవైపు పులికాట్ సరస్సు, మరొకవైపు బంగాళాఖాతం. 1971 అక్టోబరు 9న ఈ ద్వీపం నుండి రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఆకాశానికెగసింది. ఆనాటికి రెండు మాసాలైనా నిండకముందే, ఈ తీరానికి ఆవలి సముద్రంలో, మద్రాసు దిక్కు నుండి విశాఖపట్నం వైపు ఒక జలాంతర్గామి సాగిపోయింది. అదే పాకిస్తాన్ నౌక గాజీ.

ఈ నౌక అమెరికాలో పుట్టింది. 1944 డిసెంబరులో జలప్రవేశం చేసిననాడు దాని పేరు డయాబ్లో. స్పానిష్ భాషలో దయ్యమని అర్థం. 1945 ఆగస్టులో జపానుపై యుద్ధానికి బయలుదేరగా త్రోవలో ఉండగానే యుద్ధం ముగిసింది. 1964లో పాకిస్తాన్ దానిని అద్దెకు తీసుకొని గాజీ అని పేరు పెట్టింది. ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు ఈ మాట కొత్తది కాదు. పోరులో అసువులు బాసినవాడు షహీద్. పోరాడి ప్రాణాలతో తిరిగి వచ్చినవాడు గాజీ.

1971 నవంబరు 14న కరాచీ విడిచి, సింహళాన్ని చుట్టి అది మన సముద్రంలో ప్రవేశించింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్. కాని విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల చాటుకు చేరింది. అది విశాఖ దరిదాపులలోనే ఉన్నదని శత్రువు నమ్మేటట్లు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నాగం పన్నారు. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ రేవు వెలుపల పెద్ద ప్రేలుడు వినిపించింది. తొంభై మందికి పైగా నావికులతో గాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ నౌక విడిచిన లోతుబాంబులే కారణమని మన నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన ప్రేలుడని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. తిరిగి వచ్చేవాడని పేరు పెట్టుకొన్న నౌక తిరిగి రాలేదు.

ఆ రాజ్‌పుత్ కూడా ఒకనాడు రోథరమ్ అనే పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో రెండవ ప్రపంచయుద్ధం చేసినదే. అమెరికా, బ్రిటన్ ఒకే పక్షాన పోరాడేందుకు కట్టుకొన్న రెండు నౌకలు, అన్నదమ్ములుగా బ్రతికి విడిపోయిన ప్రజల చేతులలో పడి విశాఖ ముంగిట ఎదురుపడ్డాయి. అయిదు రోజులకే, డిసెంబరు 9న, అరేబియా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఖుక్రీని ముంచివేసింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన నౌకను విడిచిపోక దానితోనే మునిగారు. మన వారు నూటతొంభై మందికి పైగా కడలి పాలయ్యారు.

గాజీలోని వారి పేర్లు మన ఇండ్లలోని పేర్ల వంటివే. అందుచేత ఈ కథ వచ్చినప్పుడు మనలో కొందరు గొంతు తగ్గించి మాట్లాడుతారు. అట్టి సంకోచం అనవసరం. విక్రాంత్ దక్కినందుకు గర్వించడం ఈ దేశపు బిడ్డలుగా మన హక్కు. మునిగిన వారి కోసం, ఏ పక్షం వారైనా, దుఆ చేయడం మనుషులుగా మన ధర్మం. ఈ రెండింటికీ ఒకే గుండెలో చోటున్నది.

విద్యార్థులారా! మీరు విశాఖకు విహారయాత్ర వెళ్ళినప్పుడు, 1971 యుద్ధంలో పాల్గొని, 2002 నుండి సాగరతీరాన ప్రదర్శనశాలగా నిలిచిన మన కురుసుర జలాంతర్గామిలోనికి తప్పక వెళ్ళండి. ఇరుకైన ఆ నడవలో, ఒకదానిపై ఒకటిగా ఉన్న ఆ చిన్న పడకల ఎదుట ఒక్క నిమిషం నిలబడండి. అటువంటి పడకలపైనే ఆ రాత్రి గాజీలోని వారు కూడా ఇంటిని తలచుకొని ఉంటారు.