మా ఆడపడుచు ఉద్యోగం

మా ఆడపడుచు ఏం ఉద్యోగం చేస్తుందని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో జవాబు చెప్పేవాళ్ళం. మావారు "ఢిల్లీలో అంతర్జాతీయ ఆరోగ్య సంస్థలో ఆఫీసరు" అనేవారు. అవతలివాళ్ళు వెంటనే "డాక్టరా?" అని మోకాళ్ళ నొప్పులు మొదలుపెట్టేవారు. మా అత్తగారు "పేపర్లకి రాస్తుంది" అనేవారు. నేను "కమ్యూనికేషన్స్ ఆఫీసర్" అని ఇంగ్లీషులో అనేసి తప్పించుకునేదాన్ని. బి.ఏ. తెలుగు చదివినదాన్నే గానీ ఆ మాటకి సరైన తెలుగు నాకూ దొరకలేదు. ప్రచార అధికారి అంటే ఎన్నికలు గుర్తొస్తాయి. సమాచార అధికారి అంటే ఆఫీసుల్లో అర్జీలు తీసుకునే మనిషి గుర్తొస్తాడు.

ఆ ఉద్యోగం ఏమిటో నాకు తెలిసింది 2020లో. మార్చి నెలలో నాలుగు రోజులుండి వెళ్దామని తెనాలి వచ్చిన పిల్ల, లాక్‌డౌన్ పెట్టేసరికి రెండున్నర నెలలు ఇక్కడే ఉండిపోయింది. మేడ మీద గది ఆమె ఆఫీసు అయింది. కాఫీ, టిఫిను పైకి తీసుకెళ్ళేది నేనే కాబట్టి ఆ ఉద్యోగాన్ని దగ్గర నుంచి చూసేదీ నేనే.

నేననుకున్నది ఏమిటంటే, డాక్టర్లు చెప్పింది తేలిక భాషలో రాసి పేపర్లకీ టీవీలకీ పంపడమే ఈ పని అని. కానీ పొద్దున్నే ఐదింటికి లేచి ఆమె మొదట చేసే పని రాయడం కాదు, చదవడం. జనం ఏమనుకుంటున్నారు, దేన్ని నమ్ముతున్నారు, ఏం అడుగుతున్నారు అని చూసుకునేది. "వదినా, ఇవాళ మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏమొచ్చింది?" అని రోజూ నన్నడిగేది. వెల్లుల్లి తింటే రాదట, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పోతుందట, ఎండకి చచ్చిపోతుందట... నేను నవ్వుతూ చదివితే ఆమె నవ్వకుండా రాసుకునేది. "నవ్వకు వదినా. ఇవి పంపేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. భయపడుతున్నవాళ్ళు" అంది ఒకసారి.

రాసినదానికి పడే పాట్లు ఇంకో ఎత్తు. నాలుగు వాక్యాలు రాస్తే, జబ్బు తెలిసిన నిపుణుడు "తప్పక" అన్న మాట కొట్టేసి "అవకాశం ఉంది" అని పెడతాడు. ఇంకొకరు ఒక దేశం పేరు తీసేయమంటారు. పైవాళ్ళు మళ్ళీ మొదటికి తెస్తారు. పొద్దున మొదలైన నాలుగు వాక్యాలు రాత్రి భోజనాల వేళకి బయటికి వెళ్ళేవి. "ఇంతసేపట్లో నేను కుంచెడు పప్పు రుబ్బి వడియాలు పెట్టేస్తాను" అన్నాను. "నీ వడియాల్లో ఉప్పెక్కువైతే ఇంట్లోవాళ్ళే తిడతారు వదినా. ఇందులో ఒక్క మాట తప్పితే ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది" అంది.

జబ్బుకి పేరు పెట్టడంలో కూడా ఇంత ఆలోచన ఉంటుందని నాకు తెలియదు. ఊరి పేరో, జాతి పేరో, జంతువు పేరో కొత్త జబ్బులకి పెట్టకూడదని 2015లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట. ఆ పేరున్న ఊరివాళ్ళు ఏ తప్పూ చేయకుండానే నింద మోయాల్సి వస్తుందని. అందుకే 2020 ఫిబ్రవరి 11న కోవిడ్-19 అన్న పేరు పెట్టినప్పుడు అందులో ఏ ఊరూ లేదు.

ఒకరోజు తెలుగులో తయారైన పోస్టరు ఒకటి చూడమని నాకిచ్చింది. ఐక్యరాజ్య సమితికి అధికార భాషలు ఆరే. అరబిక్, చైనీస్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. 2011 లెక్కల ప్రకారం మన దేశంలో ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే తెలుగు అందులో లేదు. మనదాకా వచ్చేసరికి ఎవరో ఒకరు అనువాదం చేయాల్సిందే. ఆ పోస్టరు మీద పెద్ద అక్షరాలతో "సామాజిక దూరం పాటించండి" అని ఉంది.

నేను చదివి కాసేపు ఊరుకున్నాను. తర్వాత అన్నాను. "అమ్మాయ్, ఈ మాట మన ఊళ్ళకి కొత్తది కాదు. బావి దగ్గర, గుడి దగ్గర, టీ కొట్టులో వేరే పెట్టిన గ్లాసు దగ్గర తరతరాలు పాటించిన దూరం అదే. ఇప్పుడది మంచిదే, పాటించమని పోస్టరు వేస్తే ఎలా?"

ఆమె పెన్ను కింద పెట్టేసింది. ఇంగ్లీషులో కూడా ఆ మాట బాగాలేదని, మనిషి దూరంగా ఉండాలి గానీ మనసులు కాదని, మార్చిలోనే పైవాళ్ళు "సోషల్" బదులు "ఫిజికల్" అనడం మొదలుపెట్టారని చెప్పింది. తెలుగులో ఆ మాట ఇంకెంత బరువో తనకి తట్టలేదంది. ఇద్దరం కూర్చుని "మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం" అని రాశాం. పేపర్లలో "భౌతిక దూరం" అనడం కూడా చూశాను. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటాక నా డిగ్రీ ఒక పనికి వచ్చిందని ఆ రాత్రి మావారితో రెండుసార్లు చెప్పాను.

రాత్రిళ్ళు డాబా మీద పక్కలేసుకున్నాక పాత కబుర్లు చెప్పేది. ఉద్యోగం కొత్తలో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల పనిలో తిరిగింది. 2009లో మన దేశంలో 741 పోలియో కేసులు. ప్రపంచంలో ఏ దేశంలోనూ అన్ని లేవు. చుక్కలు వేస్తే పిల్లలకి ముందుముందు సంతానం కలగదని వదంతి. తలుపు వేసేసిన తల్లులు ఇంకో మాట కూడా అనేవారట. "మురుగు తీయరు. జ్వరమొస్తే మందివ్వరు. ఈ చుక్కలకి మాత్రం ఇన్నిసార్లు వచ్చి తలుపు కొడతారేం?" అని. "ఆ ప్రశ్నకి మా పోస్టర్లలో జవాబు లేదు వదినా" అంది. ఆ తర్వాత ఆ వాడలోని ఆడవాళ్ళనే తీసుకుని ఇంటింటికీ పంపారు. మసీదుల్లో పెద్దల చేత చెప్పించారు. చుక్కలతో పాటు మామూలు జబ్బులకి వైద్య శిబిరాలు పెట్టారు. 2011 జనవరి 13న హౌరాలో ఒక చిన్నపిల్లకి వచ్చిందే మన దేశంలో ఆఖరి కేసు. 2014 మార్చి 27న పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది.

అదే ఏడాది ఆమె కొన్ని నెలలు పశ్చిమ ఆఫ్రికా వెళ్ళింది, ఎబోలా సమయంలో. మా అత్తగారికి మాత్రం ట్రైనింగు అని చెప్పింది. గినీ, లైబీరియా, సియర్రా లియోన్ దేశాల్లో పదకొండు వేల మందికి పైగా పోయారు ఆ జబ్బుతో. మొదట్లో "దీనికి మందు లేదు" అని చాటింపు వేశారట. నిజమే చెప్పారు. కానీ విన్నవాళ్ళు "మందు లేనప్పుడు ఆసుపత్రికి ఎందుకు? ఇంట్లోనే పోనీ" అనుకున్నారు. తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదు. పోయినవాళ్ళ ముఖం చూపించడం లేదు. దాంతో రోగుల్ని దాచారు, శవాల్నీ దాచారు. 2014 సెప్టెంబరులో గినీలో వోమే అనే ఊరికి అవగాహన చెప్పడానికి వెళ్ళిన బృందంలో ఎనిమిది మందిని ఊరివాళ్ళే చంపేశారు. విలేకరులూ ఉన్నారు వాళ్ళలో.

ఆ నవంబరులో ఖననం పద్ధతి మార్చారు. ఇంటివాళ్ళు దూరం నుంచి చూడొచ్చు. ప్రార్థన చేయించుకోవచ్చు. శవాన్ని చుట్టే నల్ల సంచి బదులు, వాళ్ళ ఆచారానికి తగ్గట్టు తెల్లది వాడడం మొదలుపెట్టారు. "సంచి రంగు మార్చడం కూడా కమ్యూనికేషనే వదినా. వాళ్ళ బాధ మాకు వినిపించిందని మాటల్లేకుండా చెప్పడం" అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

లాక్‌డౌన్ సడలించాక జూన్‌లో ఢిల్లీ వెళ్ళిపోయింది. అసలు సంగతి ఆ తర్వాతి ఏడాదిది.

2021 మార్చి నుంచి అరవై దాటినవాళ్ళకి టీకా మొదలైంది. మా అత్తగారికి డెబ్బై రెండు. "తర్వాత చూద్దాంలే" అన్నారు. ఏప్రిల్ చివరిలో ఆవిడ తమ్ముడు గుంటూరులో ఆసుపత్రిలో పోయారు. ఆ తర్వాత "చూద్దాం" కాస్తా "వద్దు" అయింది.

రోజూ రాత్రి కూతురి ఫోను. టీకా ఎలా పనిచేస్తుందో చెప్పేది. లెక్కలు చెప్పేది. వీడియోలు పంపేది. చివరికి గొంతు పెంచేది. "అమ్మా, ప్రపంచానికంతా చెప్తున్నాను, నువ్వు వినవా?" మా అత్తగారు ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయేవారు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది. నిజం చెప్పాలంటే భయం వేసేది. మా వీధిలోనే ఆ నెలలో ముగ్గురు పోయారు.

మే నెలలో ఒకరోజు మావారు మామిడికాయలు తెచ్చారు. అత్తగారు చూసి "ఈ ఏడు ఆవకాయ వద్దు" అన్నారు. ఏటా మొదటి జాడీ తమ్ముడికే పంపేవారు. నేను కాయలు తుడుస్తూ కూర్చున్నాను. ఏమీ అనలేదు. కాసేపటికి ఆవిడే వచ్చి పక్కన కూర్చుని, ఒక కాయ తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. అప్పుడడిగాను. "అత్తయ్యా, సూదంటే భయమా?"

"సూదికి భయమేమిటే, ముగ్గుర్ని కన్నాను" అన్నారు. ఇంకో కాయ తుడిచారు. "అది వేసుకుంటే జ్వరం వస్తుందటగా. జ్వరం వస్తే కరోనా అంటారు. అంటే తీసుకెళ్తారు. వాడిలాగే ఎవరూ లేకుండా... సంచిలో చుట్టి... ముఖం కూడా చూపించలేదు కదే మాకు."

అంతే. ఆవిడ భయం టీకా గురించి కానే కాదు. నెల రోజులుగా మేమందరం జవాబు చెప్తున్నది ఆవిడ అడగని ప్రశ్నకి.

ఆ రాత్రి నేనే ఢిల్లీకి ఫోను చేసి చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత ఏడుపు వినిపించింది. "అంత దూరం వెళ్ళి నేర్చుకున్నాను వదినా. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను" అంది. మర్చిపోవడం కాదు అని నాకనిపించింది. ఊళ్ళోవాళ్ళ భయాన్ని ఓపికగా వినగలం. మన అమ్మ విషయానికి వచ్చేసరికి మన భయమే గట్టిగా అరుస్తుంది, ఆవిడ మాట వినపడదు.

మర్నాడు తల్లికి ఫోను చేసి టీకా ఊసెత్తలేదు. మావయ్య గురించి అడిగింది. ఇద్దరూ ఏడ్చారు. మూడో రోజో నాలుగో రోజో అత్తగారే అడిగారు. "జ్వరం వస్తే ఏం చేస్తారు?"

"చాలామందికి ఒకటి రెండు రోజులు ఉంటుందమ్మా. తగ్గిపోతుంది. మాత్ర వేసుకుని ఇంట్లోనే ఉంటావు. వదిన నీ పక్కనే పడుకుంటుంది."

"మరి నిజంగానే ఆ జబ్బు వస్తే? నన్ను తీసుకెళ్ళరని మాటివ్వు."

నేను పక్కనే ఉన్నాను. సరేనని ఒక్క మాట అనేయవే అని మనసులో అనుకున్నాను. ఆమె అనలేదు. "ఆ మాట ఇవ్వలేనమ్మా. ఊపిరాడకపోతే తీసుకెళ్ళాల్సిందే. అంతదాకా రాకుండా ఉండడానికే టీకా. వచ్చినా నీ చేతిలో ఫోను ఉండేలా చూస్తాను, రోజూ మాట్లాడతాను. అంతవరకే నేను చెప్పగలను" అంది.

అబద్ధం చెప్పి ఉంటే అత్తగారు అప్పుడే ఒప్పుకునేవారేమో. ఆ రోజు మాత్రం ఏమీ అనకుండా ఫోను పెట్టేశారు. జూన్ మొదటి వారంలో ఒక పొద్దున తలంటుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుని "ఆటో పిలువు" అన్నారు. ఎందుకు మనసు మారిందని నేనడగలేదు. ఆ రాత్రి జ్వరం వచ్చింది. ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. రెండుసార్లు లేచి "ఉన్నావా?" అని అడిగారు. రెండో రోజుకి తగ్గింది. ఆలస్యంగానైనా ఆవకాయ పెట్టాం. మొదటి జాడీ ఆ తమ్ముడి భార్యకి పంపించారు.

ఇప్పటికీ ఏదైనా తెలుగులో రాయించినప్పుడు మా ఆడపడుచు నాకు పంపుతుంది. మాటలు చూసి ఊరుకోను. ఇది చదివే మనిషి దేనికి భయపడుతుంది అని ఒకసారి ఆలోచించి, ఆ భయానికి ఇందులో జవాబుందా అని చూస్తాను. లేకపోతే తిప్పి పంపుతాను.

మొన్నొక పెళ్ళిలో ఎవరో మళ్ళీ అడిగారు, మీ అమ్మాయి ఏం చేస్తుందండీ అని. నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు అందుకున్నారు. "ఊళ్ళోవాళ్ళు దేనికి భయపడుతున్నారో కనుక్కునే ఉద్యోగం. ఇంట్లోవాళ్ళ సంగతి కనుక్కోవడానికి మాత్రం వాళ్ళ వదిన కావాలి."